స్టోరీ జవాబులకు మెనీచాట్: చేనేత చీరల దుకాణానికి ఎంతవరకు పనికొస్తుంది?

ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక చీర ఫొటోను స్టోరీగా పెట్టిన తరువాత వచ్చే స్పందనలన్నీ ఒకే రకమైనవి కావు. కొందరు ధర అడుగుతారు, కొందరు "అక్కా, ఇది ఇంకా ఉందా?" అని అడుగుతారు, మరికొందరు ఏమీ అడగకుండా ఒక మంట బొమ్మనో చప్పట్ల బొమ్మనో పంపి ఊరుకుంటారు. వ్యాపారి ఇన్‌బాక్సులో మాత్రం ఇవన్నీ ఒకే వరుసలో వచ్చి చేరతాయి. వీటికి యంత్రం చేత జవాబు చెప్పించే సేవల్లో తరచుగా వినిపించే పేరు మెనీచాట్. మంగళగిరిలో మా బంధువులు నడిపే చేనేత చీరల దుకాణానికి ఇన్‌స్టాగ్రామ్ ఖాతా పనులు నేను చూస్తుంటాను కాబట్టి, ఆ దుకాణం అవసరాలను దృష్టిలో పెట్టుకొని, ఈ సేవలో స్టోరీ జవాబులకు సంబంధించిన భాగాన్ని మాత్రమే ఇక్కడ పరిశీలిస్తున్నాను. ధర, కొలత, పంపించే ఖర్చు వంటి మారని వివరాలు అడిగినవారికి తక్షణం జవాబు ఇవ్వడానికి ఇది నిజంగా మంచి పనిముట్టు అని నా అభిప్రాయం. అయితే మెచ్చుకోలుకూ, నాణ్యత మీద సందేహానికీ, బేరానికీ దీని చేత జవాబు చెప్పించకూడదు.

మెనీచాట్ 2015లో మొదలైంది. ముందు ఫేస్‌బుక్ మెసెంజర్‌లో వ్యాపార సందేశాలకు పేరు తెచ్చుకుంది. ఇన్‌స్టాగ్రామ్ సందేశాలను బయటి సేవల ద్వారా నిర్వహించుకునే వీలును ఇన్‌స్టాగ్రామ్ యజమాని అయిన మెటా సంస్థ 2021లో అందరికీ తెరిచాక ఇటువైపు విస్తరించింది. ఇది మెటా స్వయంగా ఇచ్చిన అధికారిక మార్గంలోనే ఖాతాతో కలుస్తుంది. మన పాస్‌వర్డును తన దగ్గర పెట్టుకోదు. ఇన్‌స్టాగ్రామ్ లాగిన్ పేజీలో మనం ఇచ్చే అనుమతి మీద పనిచేస్తుంది. ఈ విషయాన్ని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. "మీ పాస్‌వర్డు ఇవ్వండి, మేమే అందరికీ జవాబులు పంపుతాం" అంటూ చిన్న వ్యాపారుల వెంటపడే ఏజెన్సీలు మన ఊళ్లలో కూడా కనిపిస్తున్నాయి. ఆ పద్ధతి ఇన్‌స్టాగ్రామ్ నిబంధనలకు విరుద్ధం. దానివల్ల ఖాతాయే మూతపడే ప్రమాదం ఉంది, ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న ఖాతాదారులు ఒక్కరోజులో దూరమయ్యే ప్రమాదం ఉంది.

అమర్చుకోవడం పెద్ద కష్టం కాదు. ఖాతా వ్యక్తిగతమైనది కాక ప్రొఫెషనల్ రకానికి (బిజినెస్ లేదా క్రియేటర్) చెందినదై ఉండాలి, సందేశాలను బయటి సేవలు చూడటానికి ఇన్‌స్టాగ్రామ్ సెట్టింగుల్లో అనుమతి ఇవ్వాలి. చాలామంది ఈ రెండో పని మరచిపోయి, అన్నీ సరిగా పెట్టినా జవాబులు వెళ్లడం లేదని వెతుక్కుంటారు. ఆ తరువాత మెనీచాట్‌లో ఒక "ట్రిగ్గర్" ఎంచుకోవాలి. ఎవరైనా స్టోరీకి జవాబు రాస్తే ఏం జరగాలి అన్నది అక్కడ నిర్ణయిస్తాం. అన్ని స్టోరీలకూ ఒకే ఏర్పాటు పెట్టవచ్చు, లేదా ఒక నిర్దిష్టమైన స్టోరీకి మాత్రమే పెట్టవచ్చు. ఏ మాట వచ్చినా స్పందించేలా పెట్టవచ్చు, లేదా "ధర", "రేటు" వంటి కొన్ని మాటలు ఉన్నప్పుడు మాత్రమే స్పందించేలా పెట్టవచ్చు. చీరల దుకాణానికి ఇందులో ముఖ్యమైనది నిర్దిష్టమైన స్టోరీకి వేరుగా జవాబు పెట్టే సౌకర్యం. ఒక స్టోరీలో ఉన్నది నిజాం అంచు నూలు చీర, మరో దానిలో ఉన్నది పట్టు చీర అయినప్పుడు, ధర అడిగిన ఇద్దరికీ ఒకే ధరల పట్టీ పంపిస్తే అది జవాబు అనిపించుకోదు.

దీని అసలు ప్రయోజనం రాత్రిపూట తెలుస్తుంది. మన చేనేత చీరలు కొనేవారిలో అమెరికాలో ఉన్న తెలుగువారు గణనీయంగా ఉంటారు. వేసవిలో డల్లాస్‌లో మధ్యాహ్నం 12 గంటలైతే మంగళగిరిలో రాత్రి 10:30 అవుతుంది. భోజన విరామంలో ఫోను చూస్తూ ఒకరు ధర అడిగితే, ఇక్కడ దుకాణం తెరిచి ఎవరైనా చూసేసరికి అక్కడ అర్ధరాత్రి అవుతుంది. స్టోరీ ఆయుష్షు 24 గంటలే కాబట్టి ఆలస్యం ఇక్కడ రెండు విధాలుగా నష్టం చేస్తుంది. అడిగినవారి ఆసక్తి చల్లారడం ఒకటి. స్టోరీ వెళ్లిపోయిన తరువాత "ఇది ఎంత?" అన్న ప్రశ్న మాత్రం మిగిలి, 'ఇది' అంటే ఏ చీరో ఇరుపక్షాలూ మళ్లీ తేల్చుకోవలసి రావడం మరొకటి. నిర్దిష్టమైన స్టోరీకి పెట్టిన తక్షణ జవాబులో చీర రకం, అంచు, పొడవు, బ్లౌజు ముక్క ఉన్నదీ లేనిదీ, ధర, అన్నీ వాక్యాలుగా ఉంటే, మరునాడు సంభాషణ తెరిచిన దుకాణం మనిషికి ఏ చీర గురించి మాట్లాడుతున్నారో వెతుక్కునే పని ఉండదు. వేగం గురించి అందరూ చెబుతారు కానీ, జవాబే ఒక రికార్డుగా మిగలడం నాకు అంతకంటే విలువైనదిగా కనిపించింది.

ఇక తెలుగు సంగతికి వస్తే, శ్రద్ధ ఎక్కువగా పెట్టవలసింది ఇక్కడే. ఈ సేవ మాటలను పోల్చి చూస్తుంది. మన ఖాతాదారులు ఒకే మాటను అనేక రూపాల్లో రాస్తారు. "ఎంత" అన్న మాటను తెలుగు లిపిలో రాసేవారు తక్కువ. ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవారిలో కొందరు 'టి' తరువాత 'హెచ్' పెడతారు, కొందరు పెట్టరు. కొందరు చివరి 'ఎ' వదిలేస్తారు, కొందరు రెండు రాస్తారు. "రేటెంత", "కాస్ట్ చెప్పండి", "ప్రైస్ ప్లీజ్", దానికి పొట్టి రూపంగా వట్టి 'పీపీ' అన్న రెండు అక్షరాలు, ఇవన్నీ ధర కోసమే. వీటన్నిటినీ ముందుగా ఊహించి జాబితాలో చేర్చకపోతే ధర అడిగినవారిలో చాలామందికి జవాబే వెళ్లదు. దీనికి మంచి మార్గం, పాత సందేశాలను ఒకసారి ఓపికగా చదివి, మన ఖాతాదారులు నిజంగా రాసిన రూపాలను ఏరి చేర్చడం. ఇంటర్నెట్‌లో దొరికే తయారు జాబితాలు ఇంగ్లీషు మాట్లాడే దేశాల దుకాణాల కోసం చేసినవి. వాటిలో "బ్లౌజు ఉందా", "రంగు పోతుందా", "సీవోడీ ఉందా" వంటివి ఉండవు.

మాట సందేశంలో ఎక్కడ ఉన్నా పట్టుకునే పద్ధతి ఒకటి, పూర్తి మాటగా ఉన్నప్పుడే పట్టుకునే పద్ధతి మరొకటి ఉన్నాయి. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసే మనకు రెండోదే క్షేమం. "రేట్" అన్న మాటను ఇంగ్లీషులో రాసినప్పుడు వచ్చే నాలుగు అక్షరాలు "సెలబ్రేట్" అన్న మాటలో కూడా వరుసగా ఉన్నాయి. "అమ్మతో పెళ్లిరోజు సెలబ్రేట్ చేసుకుంటున్నాం, మీ చీరే కట్టుకుంది" అని ఒకరు ఆనందంగా రాస్తే, దానికి ధరల పట్టీ వెళ్లడం కంటే అసలు ఏ జవాబూ వెళ్లకపోవడమే మర్యాద.

తెలుగు లిపిలో జవాబులు రాసేవారు సందేశం నిడివి విషయం కూడా తెలుసుకోవాలి. మెటా నియమం ప్రకారం ఇన్‌స్టాగ్రామ్‌లో ఇలా పంపే ఒక్కో సందేశం 1000 బైట్లకు మించకూడదు. ఇంగ్లీషు అక్షరం ఒక బైటు తీసుకుంటే, తెలుగులో ప్రతి అక్షరమూ, గుణింతపు గుర్తూ, పొల్లూ, సున్నా ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటాయి. అంటే ఇంగ్లీషులో పట్టే విషయంలో దాదాపు మూడో వంతే తెలుగులో పడుతుంది. అందుచేత ధర, కొలతలు ఒక సందేశంలోనూ, పంపించే వివరాలు మరొక సందేశంలోనూ పెట్టుకోవడం మంచిది. సందేశం కింద కనిపించే బటన్లకు 20 అక్షరాల హద్దు ఉంది, అక్కడ కూడా గుణింతాలు విడిగా లెక్కకు వస్తాయి. "మరిన్ని ఫొటోలు చూపించండి" అన్నది కంటికి పది అక్షరాలే అయినా యంత్రం లెక్కలో 24 అవుతుంది, హద్దు దాటిపోతుంది. "ఫొటోలు చూపండి" అంటే 13లో సరిపోతుంది. "మనిషితో మాట్లాడాలి" 18లో ఇమిడిపోతుంది కాబట్టి ఆ బటన్ పెట్టకపోవడానికి ఎవరికీ సాకు లేదు. ప్రతి తక్షణ జవాబు కిందా అది ఉండి తీరాలని నేను గట్టిగా నమ్ముతాను.

పేరు పెట్టి పలకరించే సౌకర్యాన్ని మాత్రం వాడవద్దని సలహా ఇస్తాను. ఇటువంటి సేవలు ప్రొఫైల్‌లోని పేరులో మొదటి మాటను తీసుకొని సంబోధనలో పెడతాయి. తెలుగువారిలో చాలామంది ఇంటిపేరును ముందు రాస్తారు. మరికొందరి ప్రొఫైల్‌లో ఉన్నది పిల్లల పేరో ముద్దుపేరో అవుతుంది. దుకాణానికి వచ్చిన పెద్దావిడను ఇంటిపేరుతో పిలిచే వ్యాపారి ఎవరూ ఉండరు. "నమస్తే అండీ" అంటే అందరికీ సరిపోతుంది. దాని తరువాతి వాక్యంలోనే ఇది ముందుగా రాసిపెట్టిన జవాబు అనీ, దుకాణం తెరిచాక మనిషి మాట్లాడతారనీ చెప్పేస్తే, తరువాత ఎవరికీ మోసపోయామన్న భావన కలగదు.

బొమ్మల స్పందనల విషయానికి వద్దాం. స్టోరీ కింద వేలితో తాకితే వెళ్లే చప్పట్లు, మంట వంటి బొమ్మలు సందేశాలుగానే వస్తాయి, కాబట్టి వాటికీ యంత్రం చేత జవాబు పంపవచ్చు. 2022లో వచ్చిన స్టోరీ లైకు అలా కాదు. ఆ గుండె గుర్తు సందేశంగా రాదు, చూసినవారి జాబితాలో కనిపిస్తుంది. బొమ్మ పంపిన ప్రతి ఒక్కరికీ "ధన్యవాదాలు! కొనడానికి ఇక్కడ నొక్కండి" అని పంపే దుకాణాలను చూస్తున్నాను. ఇది నాకు బాధ కలిగించే అలవాటు. బొమ్మ పంపినవారు ఏమీ అడగలేదు. ఎదురింటివారు చీర బాగుందని అంటే వెంటనే బిల్లు పుస్తకం తీయము కదా. పైగా మెనీచాట్ రుసుము దాని ద్వారా మనతో మాట్లాడినవారి (కాంటాక్టుల) సంఖ్యను బట్టి పెరుగుతుంది కాబట్టి, ఏమీ కొనే ఉద్దేశం లేనివారిని కూడా ఆ లెక్కలోకి చేర్చుకోవడం ఖర్చు పరంగా కూడా తెలివైన పని కాదు. ఖాతాదారులు మన చీర కట్టుకొని తమ స్టోరీలో మనల్ని ట్యాగ్ చేసినప్పుడు వచ్చే సందేశాలకైతే యంత్రం అస్సలు వద్దు. ఆ ఫొటోను చూసి, ఏ చీరో గుర్తుపట్టి, రెండు మాటలు చేత్తో రాయాలి. చేనేత వ్యాపారంలో అంతకు మించిన ప్రచారం లేదు.

యంత్రానికి అప్పగించకూడనిది మరొకటి నాణ్యత ప్రశ్న. "ఇది అసలైన జరీనా?", "మగ్గం మీద నేసిందేనా, పవర్‌లూమా?" అని అడిగేవారికి వ్యాపారి తన మాట మీద నిలబడి జవాబు చెప్పాలి. పట్టుకు కేంద్ర పట్టు మండలి ఆధ్వర్యంలోని సిల్క్ మార్క్ ఉంది, చేనేతకు 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్క్ ఉంది. ఆ చీరకు ఆ ముద్ర ఉందో లేదో చూసి, వెనుకవైపు ఫొటో తీసి పంపగలిగేది మనిషే. మెనీచాట్‌లో కృత్రిమ మేధ చేత జవాబులు రాయించే సౌకర్యం కూడా ఉంది. ఈ ఒక్క విషయంలో దాన్ని దగ్గరికి రానీయవద్దని చెబుతాను. చవక రకమైన టెస్టెడ్ జరీని అసలు జరీ అని యంత్రం రాసినా, ఆ మాట ఖాతాదారు దృష్టిలో దుకాణం చెప్పిన మాటే అవుతుంది. చీర ఉందా లేదా అన్న ప్రశ్న కూడా ఇటువంటిదే. మగ్గం చీర చాలాసార్లు ఒకటే ఉంటుంది. అది కౌంటరులో అమ్ముడుపోయిన సంగతి ఎవరైనా మార్చి పెట్టేదాకా యంత్రానికి తెలియదు. అందుకని తక్షణ జవాబులో ధర చెప్పి, "చీర ఉన్నదీ లేనిదీ చూసి చెబుతాం" అనడమే నిజాయితీ.

సందేశాల గడువు నియమం ఒకటి ఉంది. ఖాతాదారు చివరిసారి రాసిన 24 గంటల లోపే యంత్రం సందేశాలు పంపగలదు. ఆ తరువాత ఇటువంటి సేవల ద్వారా 7 రోజుల దాకా మనిషి మాత్రమే రాయడానికి మెటా వీలు కల్పించింది. ఈ గడువు ముగిసే ముందు "ఇంకా ఆలోచిస్తున్నారా?" అని గుర్తుచేసే సందేశం పెట్టమని చాలామంది సలహా ఇస్తారు. ఒక్కసారి ధర అడిగినందుకు వెంటపడటం పాత ఖాతాదారులకు నచ్చదు. ఆ పని చేయనివ్వకండి.

రుసుము డాలర్లలో, నెలవారీగా ఉంటుంది. ఉచిత స్థాయి ఉన్నా దాని హద్దులు మారుతూ ఉంటాయి కాబట్టి కార్డు వివరాలు ఇచ్చే ముందు ఆ రోజు ధరలు చూసుకోవాలి. రోజుకు నాలుగైదు ప్రశ్నలు వచ్చే దుకాణానికి ఇది అవసరం లేదు. ఇన్‌స్టాగ్రామ్‌లోనే జవాబులు దాచుకొని ఒక చిన్న మాటతో రప్పించుకునే సౌకర్యం ఉచితంగా ఉంది, మెటా బిజినెస్ సూట్‌లో (వ్యాపార ఖాతాల కోసం మెటా ఇచ్చే పనిముట్టు) దుకాణం మూసి ఉన్న వేళల్లో వెళ్లే సందేశం కూడా ఉచితమే. శ్రావణమాసం, దసరా, పెళ్లిళ్ల కాలంలో ఒక్కో స్టోరీకి పదుల కొద్దీ ధర ప్రశ్నలు వచ్చే దుకాణాలు మాత్రం మెనీచాట్‌కు డబ్బు పెట్టవచ్చు. అటువంటివారు పండుగ హడావుడిలో కాక ముందే మొదలుపెట్టాలి. ఒకే స్టోరీకి, ధర మాటలకు మాత్రమే జవాబు పెట్టి, ఇంట్లో ఎవరిదైనా వేరే ఖాతా నుంచి తెలుగు లిపిలోనూ ఇంగ్లీషు అక్షరాల్లోనూ అడిగి చూసి, బొమ్మ పంపితే జవాబు రావడం లేదని నిర్ధారించుకున్న తరువాతే మిగతా స్టోరీలకు విస్తరించండి.