జింగ్‌డెజెన్‌లో 'చేత్తో వేసిన' టీ సెట్ కొనేముందు ఇది చదవండి

నిన్న రాత్రే నాన్‌చాంగ్ హాస్టల్‌కి తిరిగొచ్చాను. ఇంకా చేతులు వణుకుతున్నాయి. 1,800 యువాన్లు పోయాయి, మన డబ్బుల్లో 20 వేల పైమాటే.

జింగ్‌డెజెన్ గురించి ఇక్కడ చైనాలో చదువుకునే మనవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. చాంగ్ నది ఒడ్డున, పింగాణీకి పేరుపడ్డ ఊరు, వీధి దీపాల స్తంభాలు కూడా నీలం పువ్వుల పింగాణీవే. ఒక్క కప్పు 72 చేతులు మారి తయారవుతుందని అక్కడ గర్వంగా చెప్పుకుంటారు. ఆ ఊరి పేరు మీద నమ్మకంతోనే అమ్మానాన్నల పెళ్ళిరోజుకని ఆరు కప్పుల సెట్ కొన్నాను. షాపు మీకూ తెలిసే ఉంటుంది. గుమ్మం దగ్గర ఒక పెద్దాయన కుంచె పట్టుకుని కప్పు మీద తామరపువ్వు వేస్తూ కూర్చుంటాడు. ఓనరమ్మ ఆయన్ని చూపించి, అన్నీ ఈయన వేసినవే అంది. నేను బేరం కూడా ఆడలేదు. ముసలాయన కష్టం కదా అనుకున్నాను.

హాస్టల్‌లో కప్పులు వరసగా పెట్టి చూస్తే, ఆరింటి మీదా పిట్ట తోక ఒకే చోట తెగింది. ఫోన్ కెమెరాతో జూమ్ చేస్తే నీలమంతా సన్నటి చుక్కలు. అచ్చు వేసిన బొమ్మ అతికించి కాల్చారు. వాళ్ళ భాషలో దాన్ని తియెహ్వా అంటారట, ఇప్పుడు తెలిసింది.

రెండు వారాల తర్వాత, అంటే నిన్న, సెట్ మోసుకుని మళ్ళీ వెళ్ళాను. పెద్దాయన అక్కడే ఉన్నాడు. చేతిలో అదే కప్పు. అదే తామరపువ్వు, అప్పుడు ఎక్కడ ఆగిందో అక్కడే, ఒక్క రేకు కూడా పెరగలేదు. నన్ను చూసి తల దించుకున్నాడు. ఓనరమ్మ మాత్రం ఫోన్‌లో ఏదో మాట్లాడి, తెలుగు అనువాదం నా ముఖం ముందు పెట్టింది: "అతికించింది చేత్తోనే. కాబట్టి చేతిపనే." పక్కనున్న అమ్మాయి నవ్వింది. ఆ నవ్వు ఇంకా చెవుల్లోంచి పోవట్లేదు. డబ్బు పోతే మళ్ళీ దాచుకుంటాను. కానీ కొన్న రోజు అమ్మకి వీడియో కాల్‌లో ఆ పెద్దాయన్ని చూపించి, నీ కోసం ఈ తాతయ్యే వేశాడని చెప్పాను. ఆవిడ ఆయనకి దణ్ణం పెట్టింది.

తప్పు నాదీ ఉంది. నాలుగేళ్ళుగా ఇక్కడుంటూ బిల్లు చదవలేదు. అందులో 'టీ సెట్ ఒకటి' అని తప్ప ఏమీ లేదు.

మీరు కొంటే బిల్లు మీద 'శౌహ్వీ', అంటే చేత్తో వేసింది, అని రాయించుకోండి. రాయనంటే వచ్చేయండి. వినియోగదారుల ఫిర్యాదుల నంబరు 12315కి ఫిర్యాదు చేయాలన్నా ఆ మాటే ఆధారం. రెండు కప్పులు పక్కపక్కన పెట్టి గీతలు పోల్చండి, చేతిపని ఏ రెండూ ఒక్కలా ఉండవు. ఆ గుమ్మం దగ్గర మాత్రం ఆగకండి.