ఉన్ని దువ్వే యంత్రం: వలయం మేలా, దవడ మేలా?

విశాఖలో కూర్చుని ఉన్ని గురించి రాయడమేమిటని నవ్వకండి. ఇక్కడ స్వెటర్ బీరువాలోంచి బయటికొచ్చేది అరకుకో లంబసింగికో బయల్దేరిన రోజునే. గొర్రెల సంగతికొస్తే, నెల్లూరు జాతి గొర్రెకు ఒంటిమీద ఉండేది వెంట్రుకే కానీ ఉన్ని కాదు. అయినా ఈ ప్రశ్న మా ఇంటిదాకా వచ్చింది. ఊళ్లోనే ఇంజనీరింగ్ చివరి ఏడాది చదువుతున్న మా మేనల్లుడికి ప్రాజెక్టు కింద ఉన్ని దువ్వే యంత్రాన్ని మెరుగుపరచమని ఇచ్చారు. "వలయంతో దువ్వేదీ, దవడతో పట్టి దువ్వేదీ, రెండు రకాలున్నాయి మావయ్యా, దేన్ని పట్టుకోమంటావు?" అన్నాడు. పత్తి మిల్లుల్లో కోంబర్ల దగ్గర, అంటే దువ్వే యంత్రాల దగ్గర, చాన్నాళ్లు నూనె మరకలు పూసుకున్నవాణ్ణి, నోరు మూసుకుని ఉండలేకపోయాను.

ముందు అసలు దువ్వడం దేనికో చూద్దాం. కత్తిరించిన ఉన్నిని కడిగి, జిడ్డు తీసి, కార్డింగ్ యంత్రంలో ఏకుతారు. గొంగళికి, తివాచీకి, మందపాటి స్వెటర్‌కి అక్కడితో సరి. పొడుగు పోగూ పొట్టి పోగూ అడ్డదిడ్డంగా కలిసిపోయినా నష్టం లేదు. వాటి సందుల్లో గాలి నిలవబట్టే వెచ్చదనం. సూటు గుడ్డకి మాత్రం అలా కుదరదు. నూలు సన్నగా, నున్నగా దిగాలంటే పొట్టి పోగుల్ని ఏరేసి, పొడుగువాటిని ఒకే వరసలో పడుకోబెట్టాలి. కోంబింగ్ అంటే అదే. పొడుగు పోగులతో వచ్చే పట్టీని టాప్ అంటారు, ఏరేసిన పొట్టి పోగుల్ని నాయిల్ అంటారు. నాయిల్‌ని పారెయ్యరు, ఫెల్టుకీ కంబళ్లకీ అమ్ముతారు. కానీ టాప్ ధర ఎక్కడ, నాయిల్ ధర ఎక్కడ! పొడుగు పోగు ఒకటి పొరపాటున నాయిల్‌లో పడిందంటే మిల్లు జేబులోంచి డబ్బు పడినట్టే. అందుకని యంత్రం ఎంత వేగంగా తిరుగుతోందన్నది నాకు రెండో ప్రశ్న. నాయిల్‌లోకి ఏం పారేస్తోందన్నది మొదటిది.

ఇంగ్లండులో ఈ పని 19వ శతాబ్దం సగం దాకా చేతులమీదే సాగింది. బొగ్గుల పొయ్యిమీద ఇనప దువ్వెన కాల్చి, ఉన్నికి నూనె రాసి, రెండు దువ్వెనల మధ్య లాగేవారు. మరమగ్గం చేసిన ఎడ్మండ్ కార్ట్‌రైట్ 1789లోనే దువ్వే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు గానీ దానితో డబ్బు చూడలేదు. పనికొచ్చే జవాబులు ఆ తర్వాత అర్ధ శతాబ్దానికి గానీ రాలేదు. 1845లో ఫ్రాన్స్‌లోని ముల్‌హౌస్‌లో జోజుయే హైల్‌మాన్ ఒక పద్ధతి తెచ్చాడు. 1853లో ఇంగ్లండులో జేమ్స్ నోబుల్ మరొకటి. మధ్యలో ఇలాంటి యంత్రాలే చేసిన లిస్టర్, డోనిస్థార్ప్, హోల్డెన్ ఉన్నారు. వాళ్ల పేటెంట్ తగవులు మొదలెడితే తెల్లారిపోతుంది, వదిలేద్దాం.

నోబుల్ యంత్రం చూడ్డానికి అందంగా ఉంటుంది. సుమారు 5 అడుగుల అడ్డకొలత ఉన్న పెద్ద వలయం, దాని లోపల ఒరుసుకుంటూ రెండు చిన్న వలయాలు. అన్నిటి అంచునా నిటారుగా నిలబెట్టిన సూదులు, వరసల మీద వరసలు. వలయాల్ని కింద ఆవిరితో వేడి చేస్తారు. 72 పట్టీల ఉన్ని పెద్ద వలయం మీదికి వస్తుంది. పెద్దదీ చిన్నదీ ఆనుకున్న చోట ఒక బ్రష్ టపటపా కొట్టి ఉన్నిని రెండిటి సూదుల్లోకీ దించుతుంది. రెండూ ఒకే దిక్కుకి, అంచుల దగ్గర ఒకే వేగంతో తిరుగుతూ మెల్లగా విడిపోతాయి. విడిపోతున్నప్పుడు పోగులు రెండు వైపులా కుచ్చుల్లా వేలాడతాయి. తోలు పట్టీల రోలర్లు ఆ కుచ్చుల్ని పట్టి లాగేస్తాయి. చిన్న వలయాల సూదుల్లో ఇరుక్కుని మిగిలిందే నాయిల్. దాన్ని కత్తుల్లాంటి రేకులు పైకెత్తి బయటికి తోస్తాయి. ఎక్కడా ఆగడం, మళ్లీ బయల్దేరడం లేదు. అంతా తిరుగుడే. కొట్టే బ్రష్ ఒక్కటే ఎగిరిపడేది.

హైల్‌మాన్ పద్ధతిలో ఉన్నిని ముందు దవడ పట్టుకుంటుంది. మిల్లు భాషలో నిప్పర్. దవడ మూసుకోగానే ముందుకి వేలాడే అంచుని సూదులున్న సిలిండర్ కిందనుంచి దువ్వుకుంటూ పోతుంది. మొదటి వరస సూదులు దూరందూరంగా, లావుగా ఉంటాయి. పోనుపోను సన్నబడి దగ్గరపడతాయి. దవడకి దొరకని పొట్టి పోగులన్నీ సిలిండర్‌తో వెళ్లిపోతాయి. దాన్ని తిరిగే బ్రష్ శుభ్రం చేస్తుంది. ఇప్పుడు దవడ తెరుచుకుంటుంది. డిటాచింగ్ రోలర్లు దువ్విన కొసని అందుకుని లాగుతాయి, సరిగ్గా అప్పుడే టాప్ కోంబ్ అనే దువ్వెన పైనుంచి దిగి అడ్డం నిలుస్తుంది. పోగు తోక దాని పళ్ల మధ్యనుంచి ఈడ్చుకుపోవాల్సిందే. ముందు కొస సిలిండర్‌కి, వెనక కొస టాప్ కోంబ్‌కి. లాగిన కుచ్చుని కిందటి కుచ్చు మీద కొంచెం ఎక్కించి అతుకుతారు. ఇదంతా నిమిషానికి 200 పైచిలుకు సార్లు చేసే యంత్రాలు ఇప్పుడున్నాయి. పత్తి మిల్లుల్లో మనం చూసే కోంబర్ ఈ వంశానిదే.

ఆడపిల్లలు తల దువ్వుకుంటుంటే చూసి హైల్‌మాన్‌కి ఈ ఊహ వచ్చిందని ఒక కథ చెబుతారు. నిజమో కాదో గానీ పోలిక మాత్రం అతికినట్టుంటుంది: చిక్కుపడ్డ జడని ఎడంచేత్తో మధ్యలో గట్టిగా పట్టుకుని కొసని దువ్వితే కుదుళ్లు నొప్పెట్టవు. పట్టు ఒక చోట, దువ్వు ఇంకో చోట.

ఆమాటకొస్తే ముల్‌హౌస్ ఉన్న ఆల్సేస్ దాకా ఎందుకు, శ్రీకాకుళం జిల్లా పొందూరు వెళ్లండి. అక్కడ ఖాదీకి పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. దవడకి సన్నటి, లోపలికి వంగిన పళ్లు గుత్తంగా ఉంటాయి. గమనించాల్సింది ఏమిటంటే, గింజ తియ్యకముందే దువ్వుతారు. దూది ఒక కొస గింజకి అంటుకునే ఉంటుంది, గింజని వేళ్లతో పట్టుకుని రెండో కొసని దువ్వుతారు. అంటే నిప్పర్ చేసే పని గింజే చేసేస్తోంది! విశాఖలో ఖాదీ దుకాణంలో పొందూరు పంచె తడిమినప్పుడల్లా నాకిదే గుర్తొస్తుంది. ఉన్నికి గింజ లేదు కాబట్టి దవడ పెట్టాల్సి వచ్చింది.

నా తీర్పు కూడా ఆ పట్టు దగ్గరే తేలింది. నోబుల్ యంత్రంలో పోగుని పట్టుకునేదీ సూదులే, దువ్వేదీ సూదులే. సూదుల రాపిడే పట్టు. పొడుగు పోగుకి అది చాలు. పొట్టి పోగైతే సూదుల మధ్య నిలవాలో జారాలో దాని ఇష్టం, అది అటు టాప్‌లోకీ పోవచ్చు. లింకన్ జాతి గొర్రెలదిలాంటి పొడుగు, మెరుపు ఉన్నికి, అంగోరా మేక వెంట్రుకకి నోబుల్‌కి సాటి లేదు. పోగుని కుదపకుండా నున్నగా తీస్తుంది. అలాంటి సరుకే నడిపేవాళ్లకి నేను వలయమే తీసుకోమంటాను. కానీ మన దేశానికి సూటు గుడ్డ కోసం వచ్చేది ఎక్కువగా ఆస్ట్రేలియా మెరినో గొర్రెల ఉన్ని. సన్నటిది, పొట్టిది, గడ్డి గింజలు, ముళ్లు చిక్కుకున్నది. ఆ చెత్తని ఏరడంలో దవడ యంత్రం చాలా ముందుంది. పైగా దీనికి నూనె తక్కువ చాలు, వేడి చెయ్యక్కర్లేదు.

మెరుగుపరచడమే పని అయినప్పుడు ఇంకో కారణం కూడా ఉంది, మేనల్లుడికి ఎక్కువగా అదే చెప్పాను. నోబుల్‌లో అన్ని పనులూ ఒకే వలయంలో ముడిపడి ఉన్నాయి. సూదుల సాంద్రత మారిస్తే పట్టూ మారుతుంది, దువ్వూ మారుతుంది. దవడ యంత్రంలో మేత (ఉన్నిని లోపలికి అందించడం), పట్టు, సిలిండర్, టాప్ కోంబ్, లాగుడు ఐదూ వేరువేరు. ఒకదాన్ని మార్చి మిగతా నాలుగూ కదపకుండా ఫలితం చూడొచ్చు. దవడ మూసుకునే చోటికీ లాగే రోలర్లకీ మధ్య ఎడం ఉంటుంది, సాధారణంగా 30 మి.మీ. అటూఇటూ. దాన్ని పెంచితే నాయిల్ పెరుగుతుంది, టాప్ శుభ్రపడుతుంది, తగ్గిస్తే ఉల్టా. ఒక్క బోల్టు సడలించి చేసే ప్రయోగం! ఖర్చు సంగతి కూడా చూడాలి కదా. ఒక దవడ, ఒక అర సిలిండర్ నమూనా గాజువాక ఆటోనగర్‌లో లేత్ పనివాళ్లతో చేయించుకోవచ్చు. వేల సూదులు గుచ్చిన 5 అడుగుల వలయం అంటే వాళ్లు టీ తాగించి పంపేస్తారు.

దవడ యంత్రానికి లోపం లేదనను. ఆగి కదలడమే దాని జబ్బు. వేగం రెట్టింపు చేస్తే ముందుకీ వెనక్కీ ఊగే భాగాల మీద జడత్వపు బలం నాలుగు రెట్లవుతుంది. అదురు, చప్పుడు, బేరింగుల అరుగుదల. మా వాడు మొదట రాసుకున్నది కూడా "వేగం పెంచుట" అనే. కొట్టేయించాను. నన్నడిగితే వేగం మీద కుర్రాళ్లు పెట్టే శ్రద్ధలో సగం టాప్ కోంబ్ శుభ్రత మీద పెడితే మేలు. దాని పళ్ల మధ్య చెత్త ఇరుక్కుంటే ప్రతి కుచ్చూ ఆ చెత్తని ఒరుసుకునే పోతుంది, పోగులు తెగుతాయి, ముద్దలు టాప్‌లో కలుస్తాయి. కామ్‌ల (తిరుగుతూ భాగాల్ని కదిలించే వంకర చక్రాల) బదులు టాప్ కోంబ్‌కి విడిగా, చెప్పినంత మేరే కదిలే చిన్న సర్వో మోటారు పెట్టి, అది దిగే క్షణాన్ని అటూఇటూ జరిపి చూడటం ఒక చదువుకునే కుర్రాడి చేతిలో అయ్యే పని.

మన ఊరి గాలి సంగతొకటుంది. ఉన్నికి తేమ కావాలి. సుమారు 65 శాతం తేమ ఉన్న గాలిలో అది తన పొడి బరువులో 16 శాతం దాకా నీరు పీల్చుకుని మెత్తబడుతుంది, స్థిర విద్యుత్తుకి చెదరదు. విశాఖలో తేమకి కరువా? కానీ అదే ఉప్పుగాలి బీచ్ రోడ్డు బాల్కనీ గ్రిల్స్‌ని రెండేళ్లలో ఏం చేస్తుందో చూశాం. ఉక్కు సూది కొస మీద చిన్న తుప్పు చుక్క పడినా పోగు దానికి చిక్కుకుంటుంది. అందుకని నమూనాని రాత్రిళ్లు గుడ్డ కప్పి వదిలెయ్యకుండా, సూదులకి పల్చగా నూనె తుడిచి మూసిన పెట్టెలో పెట్టమన్నాను. పొద్దున్నే ఆ నూనె తుడిచేసి, పనికిరాని ఉన్ని కాస్త నడిపాకే అసలు సరుకు వెయ్యాలి.

ఫలితం ఎలా తూచాలన్నది ఆఖరి ప్రశ్న. టాప్, నాయిల్ విడివిడిగా తూచడం ఎలాగూ చేస్తాడు. దాంతో ఆగకూడదు. నాయిల్‌లోంచి చిటికెడు తీసి నల్ల గుడ్డ మీద పరిచి, పోగుల్ని ఒక్కొక్కటే లాగి స్కేలు పక్కన పెట్టి చూడాలి. అందులో పొడుగు పోగులు కనిపిస్తే దవడ పట్టు వదులు, లేదా ఒక పక్క సరిగ్గా మూసుకోవడం లేదు. నాయిల్ అంతా పొట్టిగానే ఉండి, టాప్‌లో ముద్దలూ పొట్టి పోగులూ కనిపిస్తే టాప్ కోంబ్‌నో, ఎడాన్నో చూసుకోవాలి. రెండూ బాగుండి నాయిల్ మాత్రం ఎక్కువవుతుంటే పోగు ఎక్కడో తెగుతోందని అర్థం. అప్పుడు దవడని వదిలేసి, వెనక్కి కార్డింగ్ దగ్గరికి వెళ్లి వెతుక్కోవాలి.