స్పీకర్ లేకుండ ట్యూబ్ ఆంప్ నడుస్తదని డబ్బాలు అమ్ముతున్నరు, జాగ్రత్త

హన్మకొండ, వరంగల్, కాజీపేట దిక్కు ఇంట్లనే గిటార్ రికార్డింగ్ చేసుకునే అన్నలకు, తమ్ముళ్లకు. మీ దగ్గర ట్యూబ్ ఆంప్ (గాజు ట్యూబులతోని గిటార్ సౌండ్ పెంచే ఆంప్లిఫయర్) ఉంటే ఇది మొత్తం చదివినంకనే ఏ డబ్బా అయినా కొనుండ్రి. నల్ల రేకు డబ్బా, ముందట ఒక నాబ్, ఎనుక మూడు జాక్‌లు: ఇన్ (ఆంప్ నుంచి వచ్చేది), త్రూ (స్పీకర్‌కు పోయేది), లైన్ ఔట్ (రికార్డింగ్‌కు పోయేది). "లోడ్‌బాక్స్, స్పీకర్ సిమ్యులేటర్ రెండూ దీంట్లనే, 100 వాట్లు తట్టుకుంటది" అని చెప్పి ఇస్తున్నరు. లోడ్‌బాక్స్ అంటే స్పీకర్ బదులు ఆంప్ శక్తిని మింగే డబ్బా, సిమ్యులేటర్ అంటే స్పీకర్ తీరు సౌండ్ ఇచ్చేది. దాంట్ల ఆ లోడే లేదు. నా ఆంప్ దానితోనే కాలిపోయింది.

నేను నయీంనగర్‌ల పై పోర్షన్‌ల కిరాయికి ఉంట. బతుకమ్మ పాటలకు, జానపదాలకు గిటార్ ట్రాకులు చేసిస్త. పండుగకు రెండు నెలల ముందు నుంచే పని మీద పడతది. పాడేటోళ్లు పగలు వాళ్ల పనులు చూసుకుని రాత్రి తొమ్మిది దాటినంక పాట పంపుతరు, తెల్లారేసరికి గిటార్ కావాలంటరు. కింద ఓనరు వాళ్ల అమ్మ పండుకుంటది, పెద్దమనిషి, గుండె ఆపరేషన్ అయింది. నాది 15 వాట్ల ఆంపే, ఔట్‌పుట్‌ల రెండు ఈఎల్84 ట్యూబులు. అయినా ఇంట్ల అది మస్తు ఎక్కువ. వాట్లు పదో వంతుకు దించినా చెవికి సగం తగ్గినట్టే ఉంటది. అందుకే స్పీకర్ లేకుండ రికార్డ్ చేసే తోవ ఎతుకుతుంటే, ఇంటికాడ డబ్బాలు చేసి అమ్మే ఒకాయన గురించి తెలిసింది.

పోయి చూసిన. తన ఆంప్‌కు డబ్బా తగిలించి స్పీకర్ తీసేసి వాయించి చూపెట్టిండు, హెడ్‌ఫోన్ల మంచిగనే వినపడ్డది. 9,500 ఫోన్‌ల కొట్టిన. బిల్లు అడిగితే "మన ఊరోళ్లకు బిల్లెందుకు తమ్మీ, ఏమన్నయితే నేను లేనా" అన్నడు. నమ్మిన.

ఆ రాత్రి పావుగంట మంచిగనే నడిచింది. తర్వాత సౌండ్ సన్నబడ్డది, చిటచిట మొదలైంది, వార్నిష్ మాడిన వాసన వచ్చింది. నేను స్విచ్ దాకా చెయ్యి పెట్టేలోపలనే ఫ్యూజ్ పోయింది. మెకానిక్ చూసి, ఆంప్ నుంచి స్పీకర్‌కు శక్తి పంపే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లోపల షార్ట్ అయిందన్నడు.

మర్నాడు డబ్బా నాలుగు స్క్రూలు ఇప్పి చూసిన. అగ్గిపెట్టెంత బోర్డు, దాని మీద జొన్నగింజంత రెసిస్టర్లు, రెండు కెపాసిటర్లు. మిగిలిందంత ఖాళీ. అడుగున ఇనుప ముక్క ఒకటి గమ్ముతోని అతికిచ్చి ఉన్నది, దేనికీ వైరు లేదు. చేతుల బరువు తెలువాలని పెట్టిందే అది.

ట్యూబ్ ఆంప్‌ల ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే శక్తికి పోయే తోవ ఉండాలె. స్పీకర్ అయినా ఉండాలె, అంత శక్తిని వేడిగ మార్చే లోడ్ అయినా ఉండాలె. రెండూ లేకుంటే లోపల వోల్టేజ్ మామూలు కంటే ఎన్నో రెట్లు ఎగిరి చుట్టల మధ్య ఇన్సులేషన్‌ను పొడుస్తది. మరి ఆయన డెమో ఎట్ల నడిచింది? ఆయన ఆంప్ ట్రాన్సిస్టర్‌ది. దానికి స్పీకర్ పీకేసినా మామూలుగ ఏం కాదు. ఆ తేడా నాకు అక్కడనే తట్టాల్సింది, తట్టలే.

అందుకే ట్యూబ్ ఆంప్ ఉన్నోళ్లు పైసలు ఇయ్యకముందే మల్టీమీటర్ పెట్టుండ్రి. డబ్బాకు ఇంకేం తగిలించకుండ, ఇన్ జాక్‌ల స్పీకర్ కేబుల్ పెట్టి అవుతలి కొసల కొలువాలె. 8 ఓమ్‌ల లోడ్ అయితే 6 నుంచి 8 దాకా చూపెడతది. నా దాంట్ల తొమ్మిది వేల ఓమ్‌లు చూపెట్టింది. నిజమైన లోడ్‌ల బొటనవేలంత లావు రెసిస్టర్లు రేకుకు బిగించి ఉంటయ్, వేడి పోనీకి కంతలో ఫ్యానో ఉంటది. మంచి రకం వాటిల కాయిల్స్ కూడ ఉంటయ్, ఎందుకంటే అసలు స్పీకర్ ఓమ్‌లు ఒక్కతీరుగ ఉండవు, కింద బాస్ దగ్గర, పైన ట్రెబుల్ దగ్గర పెరుగుతయ్. ఆంప్‌ను మాత్రం మీరు ఇప్పకుండ్రి, ప్లగ్ పీకినంక కూడ లోపల వందల వోల్టులు నిలిచి ఉంటయ్.

ఆయన దగ్గరనే మా దోస్తు ఐసొలేషన్ క్యాబినెట్ (స్పీకర్, మైక్ లోపల పెట్టి సౌండ్ బయటికి పోకుండ మూసే పెట్టె) కూడ చేయించుకున్నడు. ప్లైవుడ్ పెట్టె, లోపల ఎగుడుదిగుడు ఫోమ్. ఫోమ్ పై శబ్దాలను మింగుతది గని బాస్‌ను ఆపదు. ఆపాలంటే బరువు, గాలి చొరని మూత, నేలకు తాకకుండ కింద రబ్బరు కావాలె. పైగా లోపల 45 సెంటీమీటర్లే, అంత చిన్న పెట్టెల 380 హెర్ట్జ్ దగ్గర మోగుతనే ఉంటది. మైక్ ఎంత మంచిదైనా డబ్బాల మాట్లాడినట్టే వచ్చింది.

ఇప్పుడు నేను గిటార్‌ను సీదా ఆడియో ఇంటర్‌ఫేస్ (గిటార్‌ను కంప్యూటర్‌కు కలిపే డబ్బా) ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్‌ల పెడుతున్న. కంప్యూటర్‌లనే ఆంప్ సౌండ్ ఇచ్చే న్యూరల్ ఆంప్ మోడలర్ అనే ఉచిత ప్లగిన్, దాని తర్వాత స్పీకర్ ఇంపల్స్ రెస్పాన్స్. గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ పైన దాదాపు అంత కోసేస్తది, ఆ కోత లేకుంటే డిస్టార్షన్ తేనెటీగలు ముసిరినట్టు ఉంటది. ఆ స్పీకర్, మైక్ గుణాన్ని పట్టుకున్న చిన్న ఆడియో ఫైలే ఇంపల్స్ రెస్పాన్స్. ప్లగిన్‌ల ఎక్కించే ఆంప్ మోడల్‌ల క్యాబినెట్ (స్పీకర్ పెట్టె) సౌండ్ ముందే ఉంటే మళ్లా ఇంకోటి ఎయ్యకుండ్రి, మూతపడ్డట్టు అయితది. ఈ పండుగ పాటలన్నీ ఇట్లనే చేసిన, కింద పెద్దమనిషికి ఒక్క రాత్రి కూడ మెలకువ రాలే.

అమ్మినాయనకు ఫోన్ చేస్తే "మీ ఆంపే పాతది" అని పెట్టేసిండు. ఫోన్‌ల కట్టిన రసీదు, ఇప్పిన డబ్బా ఫొటోలు దాచుకున్న, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పిన. మీల ఎవరన్న ఆ డబ్బా ఇప్పటికే కొనుంటే పారేయొద్దు, త్రూ జాక్‌కు స్పీకర్ తగిలించి వాడితే లైన్ ఔట్ పనికొస్తది. స్పీకర్ మోగుతనే ఉంటది, రాత్రి పూట పనికిరాదు. ఆ స్పీకర్ కేబుల్ పీకి ఆంప్ మాత్రం ఆన్ చేయకుండ్రి.