పచ్చ టిక్కు నమ్మి మునిగాను: ఫోన్ క్యాలెండర్‌ని కంప్యూటర్‌తో కలిపే ఒక సాఫ్ట్‌వేర్ గురించి

చెన్నైలో, జార్జ్ టౌన్‌లో ఒక చిన్న గదిలో కూర్చుని జీఎస్టీ, టీడీఎస్ లెక్కలు చూస్తాను. నా పార్టీల్లో సగానికి పైగా తెలుగు వ్యాపారులే. మా బతుకంతా తేదీల మీద నడుస్తుంది. 7న టీడీఎస్ కట్టాలి, 11న జీఎస్టీఆర్-1 అనే అమ్మకాల లెక్క, 20న 3బి అనే పన్ను కట్టే రిటర్ను. మూడు నెలలకోసారి వేసేవాళ్ళకైతే తమిళనాడులో 22. మధ్యలో జూన్, సెప్టెంబర్, డిసెంబర్, మార్చి నెలల్లో 15న అడ్వాన్స్ టాక్స్. ఇవన్నీ ఆఫీసు కంప్యూటర్‌లో ఎక్కిస్తాను. పార్టీల దగ్గరికి తిరిగేటప్పుడు నా చేతిలో ఉండేది మాత్రం ఫోనే.

మా మెయిల్ ఐమ్యాప్ పద్ధతిలో నడుస్తుంది. ఐమ్యాప్ ఉత్తరాలను మోస్తుంది గానీ క్యాలెండర్‌ని మోయదు. అందుకని ఫోన్‌నీ కంప్యూటర్‌నీ కలపడానికి రిచీ స్ట్రీట్‌లో ఒక కొట్టువాడు చెప్పిన సాఫ్ట్‌వేర్ కొన్నాను. ఏడాదికి 1,800 రూపాయలు. దాని పేరు రాయను. వాడటం మొదలుపెట్టి ఐదు నెలలైంది. ఫోన్ నంబర్లకైతే కొనండి, క్యాలెండర్‌కి మాత్రం వద్దు.

నేను ఈ రంగానికి కొత్తవాణ్ణి కాదు. 2002లో నా దగ్గర పామ్ అనే జేబు కంప్యూటర్ ఉండేది. రెండు సన్న సెల్స్ మీద నడిచేది, పుల్లతో దాని లిపిలోనే అక్షరాలు గీకాలి. సెల్స్ పూర్తిగా అయిపోయి అలాగే వదిలేస్తే లోపలిదంతా చెరిగిపోయేది కూడా. కానీ స్టాండులో నిలబెట్టి, కంప్యూటర్‌తో కలిపే హాట్‌సింక్ బొత్తాం నొక్కితే పని అయిపోయేది. అంతకన్నా ముఖ్యం, ఎటునుంచి ఎటు కాపీ చేయాలో సెట్టింగులో మననే ఎంచుకోనిచ్చేది: రెండూ కలపాలా, కంప్యూటర్‌ది ఫోన్ మీదకి... కాదు, అప్పుడు ఫోన్ అనేవాళ్ళం కాదు, పామ్ మీదకి రాయాలా, పామ్‌ది కంప్యూటర్ మీదకి రాయాలా, అసలేం చేయకూడదా. ఒకే పనిని రెండు చోట్లా మార్చి ఉంటే, రెండు కాపీలూ ఉంచి, ఆ సంగతి లాగ్‌లో రాసి పెట్టేది. ఏది ఉంచుకోవాలో మనమే తేల్చుకునేవాళ్ళం.

ఈ కొత్తదానికి అడిగే అలవాటు లేదు. ఎప్పుడు చూసినా తెర మూల ఒక పచ్చ టిక్కు, పక్కన "సింక్ అయింది".

మొదటి వారమే ప్రతి తేదీ రెండుసార్లు పడింది. మర్నాటికి నాలుగు. 20వ తేదీ గడి తెరిస్తే ఒకే శెట్టిగారి 3బి వరసగా నాలుగు చారలు. బెంగళూరులో ఉండే మా తోడల్లుడి కొడుక్కి ఫోన్ చేస్తే, "పెదనాన్నా, క్యాలెండర్‌ని ఐసీఎస్ ఫైల్‌గా దించి నోట్‌ప్యాడ్‌లో తెరువు, అది వట్టి టెక్స్టే" అన్నాడు. తెరిచాను. ప్రతి ఎంట్రీకి యూఐడీ అని ఒక గుర్తింపు సంఖ్య ఉంటుందట, రెండు చోట్లా అదే సంఖ్య ఉంటేనే ఇది పాతదేనని యంత్రానికి తెలుస్తుంది. ఈ మహానుభావుడు కాపీ చేసిన ప్రతిసారీ కొత్త సంఖ్య వేస్తున్నాడు. అవతలి పక్కకి అది కొత్త పని, తిరిగి ఇటు పంపిస్తుంది. కంపెనీకి రాస్తే మూడు రోజులకి ఒక అప్‌డేట్ ఇచ్చారు. డూప్లికేట్లు ఆగాయి, నిజమే.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. డ్యూ డేట్‌కి గంట ఉండదు కదా, రోజంతా అని ఎక్కిస్తాను. ముందు రోజు పొద్దున పదింటికి రిమైండర్ మోగాలి. ఫోన్‌లోకి వచ్చేసరికి అది 20వ తేదీ ఉదయం 5:30 నుంచి 21 ఉదయం 5:30 దాకా అయి కూర్చుంది. ఆ 5:30 ఎక్కడిదో నోట్‌ప్యాడ్‌లోనే దొరికింది. రోజంతా ఉండే పనికి వట్టి తేదీ రాస్తే చాలు. ఇది తేదీ పక్కన అర్ధరాత్రి సమయం రాసి, చివర జెడ్ అక్షరం తగిలించింది. జెడ్ అంటే యూటీసీ, అన్ని దేశాల గడియారాలకూ ఆధారమైన సమయం. మనం దానికి ఐదున్నర గంటలు ముందున్నాం. దాంతో రిమైండర్ కూడా మారిపోయి ఆ రోజే తెల్లవారుజామున 5:15కి మోగడం మొదలుపెట్టింది. పాల ప్యాకెట్లు రాకముందే ఇంట్లో అందరూ లేచేవారు. నాలుగు రోజులు చూసి మా ఆవిడ, రాత్రిపూట ఆ ఫోన్ సైలెంట్‌లో పెడతారా, బయట పడేయమంటారా అంది. పెట్టాను.

ఆ నెల 20న నెల్లూరులో పెళ్ళిలో ఉన్నాను. 19న ఏ గంటా మోగలేదు. 20న మోగింది సైలెంట్‌లో. ఆఫీసుకి సెలవు, కంప్యూటర్ ఆఫ్. ఒక పప్పుల వ్యాపారి గారి 3బి మర్నాడు వేశాను. లేట్ ఫీజు రోజుకి కేంద్రానికి 25, రాష్ట్రానికి 25, వెరసి 50 రూపాయలు. పైన ఒక రోజు వడ్డీ. నేనే కట్టేశాను. ఆయన మాత్రం, "యాభై రూపాయలదేముందయ్యా. మా నాన్న కాలం నుంచి ఈ కొట్టు పేరు మీద ఆలస్యం అన్నమాట లేదు" అన్నారు. తిట్టినా బాగుండేది.

మళ్ళీ కంపెనీకి రాశాను. సాఫ్ట్‌వేర్‌ని తీసేసి, మళ్ళీ ఎక్కించుకోమన్నారు. తీసేస్తే ఫోన్‌లో క్యాలెండర్ ఖాళీ అయింది. మళ్ళీ ఎక్కిస్తే, ఆ ఖాళీయే తాజాది అనుకుని కంప్యూటర్‌ని కూడా ఊడ్చేసింది. తెర మీద ఏమని వచ్చిందో తెలుసా? "212 మార్పులు విజయవంతంగా పూర్తయ్యాయి." పక్కన పచ్చ టిక్కు.

మమ్మల్ని ఆదుకున్నది గోడ మీది దినసరి క్యాలెండర్, ఆ శివకాశి అచ్చుది. రోజుకో కాగితం చింపేది. మా ఆఫీసు అమ్మాయి ముందు నెలల కాగితాల మీద కూడా పెన్సిల్‌తో పార్టీల పేర్లు రాసి పెట్టుకుంది. నాకు తెలియదు. అడిగితే, "మీ ఫోన్ మీద నాకు మొదట్నుంచీ నమ్మకం లేదు సార్" అంది. రెండు రోజులు కూర్చుని అందులోంచి మళ్ళీ ఎక్కించాం.

అన్ని తప్పులూ దీని నెత్తిన వెయ్యను. మా అమ్మ ఆబ్దికం తిథిని బట్టి వస్తుంది, ఏటా పంచాంగం చూసి చేత్తో ఎక్కించుకోవాల్సిందే. అది వీళ్ళు చేయలేదని కోపం లేదు. ఫోన్ నంబర్లు మాత్రం చక్కగా కలుపుతుంది. తెలుగులో రాసుకున్న పేర్లు ఒక్క అక్షరం చెదరకుండా వచ్చాయి. దానికి ఐదుకి నాలుగు ఇస్తాను. క్యాలెండర్‌కి ఒకటి.

ఎవరైనా ఇలాంటిది కొనాలనుకుంటే, డబ్బు కట్టకముందే కంప్యూటర్‌లో "రోజంతా" అని ఒక పని ఎక్కించి ఫోన్‌లో చూడండి. 5:30 కనిపిస్తే అక్కడే ఆపేయండి. ఇప్పుడు నేను తేదీలన్నీ ఫోన్ ఖాతాలోని క్యాలెండర్ ఒక్కదాంట్లోనే పెట్టి, ఆఫీసులో దాన్నే బ్రౌజర్‌లో తెరుస్తున్నాను. ఉన్నది ఒక్క కాపీ, కలపడానికేమీ లేదు. లైసెన్సు ఇంకా ఏడు నెలలుంది. నంబర్ల కోసం ఉంచాను, సెట్టింగుల్లో క్యాలెండర్ ముందున్న టిక్కు తీసేశాను. వచ్చే ఏడాదికి దినసరి క్యాలెండర్లు రెండు తెమ్మన్నాను, ఒకటి ఇంటికి.