చేత్తో తిప్పే నాబ్‌లున్న ఆడియో ఇంటర్‌ఫేస్: లినక్స్‌లో చాలాకాలం వాడాక

లినక్స్‌లో ఇంటి రికార్డింగ్‌కి ఏ ఆడియో ఇంటర్‌ఫేస్ (మైక్‌నీ గిటార్‌నీ కంప్యూటర్‌కి కలిపే బాక్స్) కొనాలి అని ఎవరడిగినా నేను స్పెసిఫికేషన్ల జోలికి వెళ్లను. 24 బిట్, 192 కిలోహెర్ట్జ్, రెండు మైక్ ప్రీఆంప్‌లు చవక బాక్సుల్లో కూడా వచ్చేస్తున్నాయి, మామూలు గదిలో పాడుకునేవాళ్లకి వాటి మధ్య తేడా చెవికి పెద్దగా తెలియదు. నేను చూసేది ఒక్కటే. కండెన్సర్ మైక్‌కి కరెంటిచ్చే 48 వోల్టుల (ఫాంటమ్ పవర్) స్విచ్, గిటార్‌కి ఇన్‌స్ట్రుమెంట్ బటన్, పాడేది బాక్స్‌లోంచే నేరుగా హెడ్‌ఫోన్‌లో వినిపించే డైరెక్ట్ మానిటర్ నాబ్, ఈ మూడూ బాక్స్ మీదే ఉన్నాయా, లేక కంపెనీ యాప్‌లో ఉన్నాయా? యాప్‌లో ఉంటే అది ఎంత మంచిదైనా నాకు వద్దు.

నేను ఇప్పుడు వాడుతున్నదాంట్లో ఇవన్నీ ముందు ప్యానెల్ మీదే ఉన్నాయి. కొన్నేళ్లుగా దీంతోనే రికార్డ్ చేస్తున్నాను, కంపెనీ సాఫ్ట్‌వేర్ ఎలా ఉంటుందో ఇప్పటికీ చూడలేదు, చూడాల్సిన అవసరమే రాలేదు. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇలాంటి బాక్సులకి అదే పేరుతో కొత్త వెర్షన్ వచ్చేసరికి లోపల చిప్ మారిపోవచ్చు, నిన్నటిదాకా బటన్‌గా ఉన్నది యాప్‌లోకి వెళ్లిపోవచ్చు. పేరు నమ్ముకుని కొనేకన్నా ప్యానెల్ చూసి కొనడం మేలు.

ఇంత పట్టుదల ఎందుకో చెప్పాలంటే దీనికి ముందు వాడిన బాక్స్ సంగతి చెప్పాలి. దాని అట్టపెట్టె మీద క్లాస్ కంప్లయంట్ (విడిగా డ్రైవర్ అక్కర్లేదు) అని ఉంది, అది అబద్ధం కాదు. కేబుల్ పెట్టగానే లినక్స్ మూల భాగమైన కెర్నెల్‌లోని యూఎస్‌బీ ఆడియో డ్రైవర్ దాన్ని గుర్తుపట్టింది, ఆర్డర్ (Ardour) అనే రికార్డింగ్ ప్రోగ్రామ్‌లో రెండు ఇన్‌పుట్‌లూ కనబడ్డాయి, సౌండ్ శుభ్రంగా వచ్చింది. కానీ క్లాస్ కంప్లయంట్ అంటే శబ్దం లోపలికీ బయటికీ వెళ్తుందనే హామీ మాత్రమే. మిగతా స్విచ్‌లని కంపెనీ తన సొంత పద్ధతిలో యూఎస్‌బీ కమాండ్‌లుగా పెట్టుకుంటే లినక్స్‌కి అవి ఉన్నట్టే తెలియదు. లినక్స్‌లో వాల్యూమ్ మార్చే ఆల్సామిక్సర్ తెరిస్తే కనబడేది ఒకటో రెండో వాల్యూమ్ బార్లు, అంతే. నా బాక్స్‌లో ఇన్‌స్ట్రుమెంట్ మోడ్, డైరెక్ట్ మానిటర్ రెండూ యాప్‌లోనే ఉండేవి. ఒకసారి విండోస్‌లో సెట్ చేస్తే బాక్స్ గుర్తుపెట్టుకునేది కాబట్టి చాలాకాలం ఇబ్బంది తెలియలేదు.

తర్వాత దాన్ని ఒకరు అడిగి తీసుకెళ్లి కొన్నాళ్లు విండోస్‌లో వాడుకుని తిరిగిచ్చారు. ఆ వెంటనే ఒక స్నేహితుడు ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకుని వచ్చాడు, పాటా గిటారూ కలిపి ఒకే టేక్‌లో తీసుకుందామని ఎప్పటినుంచో అనుకుంటున్నాం. వాయించడం మొదలుపెట్టగానే గిటార్ దుప్పటి కప్పినట్టు వినబడింది. తీగ మీటినప్పుడు వచ్చే ఆ మెరుపు లేదు, పైనున్న ఫ్రీక్వెన్సీలన్నీ పోయాయి. కేబుల్ మార్చాం, గిటార్ మీద టోన్ నాబ్ చూశాం, ఇన్‌పుట్ మార్చాం. ఇన్‌స్ట్రుమెంట్ మోడ్ ఆఫ్ అయి ఉందని చివరికి అర్థమైంది. పాసివ్ పికప్‌కి (తీగల కదలికని బ్యాటరీ లేకుండా సిగ్నల్‌గా మార్చే భాగానికి) సుమారు 1 మెగాఓమ్ ఇంపెడెన్స్ ఉన్న ఇన్‌పుట్ కావాలి, అంతకన్నా చాలా తక్కువున్న ఇన్‌పుట్‌లో పెడితే ఆ సిగ్నల్ అక్కడే కుంగిపోతుంది, తర్వాత ఈక్వలైజర్‌తో ట్రెబుల్ ఎంత పెంచినా పోయినది తిరిగిరాదు, నాయిస్ మాత్రం పెరుగుతుంది. డైరెక్ట్ మానిటర్ కూడా ఆఫ్ అయిపోయింది, అందుకని అతని గొంతు హెడ్‌ఫోన్‌లో ఆలస్యంగా వినబడుతోంది, పాట మధ్యలో తాళం తప్పుతున్నాడు.

ఆ యాప్‌ని వైన్‌లో (విండోస్ ప్రోగ్రామ్‌లని లినక్స్‌లో నడిపేది) నడిపి చూశాను. తెరుచుకుంది కానీ బాక్స్ కనబడలేదు, ఎందుకంటే అది మాట్లాడేది కంపెనీ ఇచ్చే విండోస్ డ్రైవర్‌తో, ఆ డ్రైవర్ వైన్‌లో ఎక్కదు. వర్చువల్ మెషీన్‌లో విండోస్ పెట్టి యూఎస్‌బీని దానికి అప్పగించాను. ఈసారి యాప్ బాక్స్‌ని పట్టుకుంది, కానీ ముందు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేస్తేనే ముందుకెళ్లనిస్తానని ఆగిపోయింది. ఫర్మ్‌వేర్ ఎక్కేటప్పుడు బాక్స్ ఒకసారి డిస్కనెక్ట్ అయి మళ్లీ కనెక్ట్ అవుతుంది, వర్చువల్ మెషీన్‌లో సరిగ్గా అక్కడే లింక్ తెగిపోయే ప్రమాదం ఉంది, తెగితే ఆ బాక్స్ మళ్లీ లేవకపోవచ్చు. ఆ టెన్షన్ పడలేక ఆపేశాను. అతను గొంతు మాత్రం పాడి, గిటార్ సర్దుకుని వెళ్లిపోయాడు. డబ్బు పెట్టి కొన్న వస్తువులో ఒక స్విచ్ వేసుకోవడానికి ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ కావాలా అన్న కోపం నాకు ఇంకా తగ్గలేదు. ఆ స్విచ్‌కి కావల్సింది ఒక చిన్న బటన్.

ఇప్పటి బాక్స్‌లో ఆ బటన్ ఉంది. డైరెక్ట్ మానిటర్ నాబ్ కూడా ఉంది, ఒక వైపు తిప్పితే ఇన్‌పుట్, రెండో వైపు తిప్పితే కంప్యూటర్ నుంచి వచ్చే ట్రాక్, మధ్యలో రెండూ కలిసి వినబడతాయి. పాడేవాళ్ల గొంతు కంప్యూటర్ దాకా వెళ్లకుండా బాక్స్‌లోంచే హెడ్‌ఫోన్‌లోకి వచ్చేస్తుంది కాబట్టి లేటెన్సీ (ఆలస్యం) అనే మాటే ఉండదు. దీని వల్ల నాకు కలిగిన పెద్ద సుఖం ఏంటంటే బఫర్‌ని (కంప్యూటర్ ఒక్కోసారి తీసుకునే సౌండ్ ముక్క సైజుని) తగ్గించే పోరాటం ఆగిపోయింది. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 512 ఫ్రేమ్‌ల బఫర్ అంటే ఒక్కో ముక్క 10.7 మిల్లీసెకన్లు, రానూపోనూ కలిపితే 20 దాటుతుంది, కంప్యూటర్ ద్వారా తన గొంతు తాను వింటూ పాడేవాళ్లకి అది నరకం. డైరెక్ట్ మానిటర్ ఉంటే ఆ 512 దగ్గరే ప్రశాంతంగా ఉండొచ్చు, ఎక్స్‌రన్‌లు (సౌండ్ మధ్యలో తెగిపోవడాలు) రావు, పాత ల్యాప్‌టాప్ కూడా చాలు. ఆలస్యం తగ్గించే రియల్‌టైమ్ కెర్నెల్ కోసం వెతుక్కునే పని కూడా లేదు.

ఈ నాబ్ గురించి నాకు తెలిసినవాళ్లందరికీ చెప్పాను. వాడేకొద్దీ తెలిసిన రెండు సంగతులు కూడా చెప్పాలి.

ఒకటి, ఇది స్టీరియో మానిటర్. మొదటి ఇన్‌పుట్ ఎడమ చెవిలో, రెండోది కుడి చెవిలో. పాటా గిటారూ కలిపి తీస్తే హాయిగానే ఉంటుంది, కానీ ఒక్క మైక్‌తో పాడేటప్పుడు గొంతు ఎడమ చెవిలోనే వినబడుతుంది, కాసేపటికి తల అటు లాగుతున్నట్టు ఉంటుంది. రికార్డింగ్‌లో ఇలాంటిది వస్తే లినక్స్‌లో సౌండ్‌ని నడిపే పైప్‌వైర్‌లో ప్రో ఆడియో ప్రొఫైల్ పెట్టి రెండు ఇన్‌పుట్‌లనీ విడివిడి మోనో ట్రాక్‌లకి కలుపుకుంటే సరిపోతుంది. ఇది మాత్రం బాక్స్ లోపలి వైరింగ్, దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ మార్చలేదు. మోనో బటన్ ఉన్న మోడళ్లు ఉన్నాయి, నాదాంట్లో లేదు. అందుకే ఒక్కరే పాడేటప్పుడు ఆ నాబ్‌ని పూర్తిగా కంప్యూటర్ వైపు తిప్పేసి, బఫర్ 128కి దించి ఆర్డర్ ద్వారానే వినిపిస్తున్నాను. గిటార్‌కి సాఫ్ట్‌వేర్ ఆంప్ వాడినా అంతే, వినాల్సింది ఎఫెక్ట్ పడ్డ సౌండ్ కాబట్టి డైరెక్ట్ మానిటర్ పనికిరాదు.

రెండోది చిన్నదే. కాసేపు ఏ శబ్దమూ లేకపోతే పైప్‌వైర్‌తో పాటు నడిచే వైర్‌ప్లంబర్ ఆ డివైస్‌ని సస్పెండ్ చేస్తుంది, డిఫాల్ట్‌గా అది 5 సెకన్లు. మళ్లీ ప్లే నొక్కగానే నా బాక్స్‌లో హెడ్‌ఫోన్‌లో టప్‌మని శబ్దం వచ్చేది. కాన్ఫిగరేషన్‌లో ఆ టైమ్‌ఔట్‌ని 0 చేశాక పోయింది.

యాప్ మీద ఆధారపడే బాక్సులన్నీ లినక్స్‌కి పనికిరావని కూడా అనను. ఫోకస్‌రైట్ స్కార్లెట్‌లలో లోపలి మిక్సర్, స్విచ్‌లకి కెర్నెల్‌లోనే డ్రైవర్ ఉంది. రెండో తరానికి కెర్నెల్ 5.4లో, మూడో తరానికి 5.14లో వచ్చింది, 6.7 నుంచి దానంతటదే ఆన్ అయి ఉంటుంది. ఆల్సా స్కార్లెట్ జీయూఐ అనే ప్రోగ్రామ్‌తో రూటింగ్ (ఏ సౌండ్ ఎటు వెళ్లాలన్నది) అంతా లినక్స్‌లోంచే మార్చుకోవచ్చు. మోటూ ఏవీబీ బాక్సుల సెట్టింగ్‌లు వెబ్ బ్రౌజర్‌లో తెరుచుకుంటాయి, ఆపరేటింగ్ సిస్టమ్‌తో సంబంధం లేదు. డ్రమ్స్ మీద ఎనిమిది మైక్‌లు పెట్టేవాళ్లకి అన్నిటికీ నాబ్‌లు ఉండే బాక్స్ దొరకడం కష్టం, వాళ్లు ఇలాంటివే చూడాలి.

మిగతావాళ్లు కొనేముందు కంపెనీ సైట్‌లోంచి మాన్యువల్ దించుకుని ఫాంటమ్ పవర్, ఇన్‌స్ట్రుమెంట్, డైరెక్ట్ మానిటర్ అనే మాటలు ఎక్కడెక్కడ వచ్చాయో వెతకండి. అక్కడ ఫలానా బటన్ నొక్కండి అని ఉంటే ధైర్యంగా కొనొచ్చు. కంట్రోల్ సాఫ్ట్‌వేర్ తెరవండి అని ఉంటే, ఆ మోడల్‌కి కెర్నెల్‌లో మిక్సర్ సపోర్ట్ ఉందని తేలేదాకా ఆగండి.

నేను ఎక్కువగా తీసేది ఒక గొంతు, ఒక గిటార్, అంతే, నాకు రెండు ఇన్‌పుట్‌లు చాలు. దీన్ని మార్చే ఆలోచన ఇప్పట్లో లేదు, మార్చాల్సి వస్తే మాత్రం డైరెక్ట్ మానిటర్ పక్కన మోనో బటన్ ఉన్నదే చూస్తాను.