సీవీటీ ఆయిల్: వదిలేయాలా, దించి పోయాలా, ఫ్లష్ కొట్టించాలా?

సీవీటీ అంటే గేర్లకు బదులు పుల్లీలు, బెల్టుతో నడిచే ఆటోమేటిక్ గేర్‌బాక్స్. దాని ఆయిల్ మార్చాలా అని సర్వీస్ సెంటర్‌లో అడిగితే "అది లైఫ్‌టైమ్ ఆయిల్ సార్, ముట్టుకోనక్కర్లేదు" అంటారు. బయట గ్యారేజీలో "మిషన్ పెట్టి మొత్తం ఫ్లష్ కొట్టేద్దాం" అంటారు, అంటే మిషన్‌తో కొత్త ఆయిల్ ఎక్కించి పాతదాన్ని బయటికి తోసేయడం. నేనైతే రెండూ వద్దంటాను. కింద బోల్టు విప్పి పాత ఆయిల్ దించి, దిగినంతా కొత్తది పోయించడమే మేలు.

సీవీటీలో రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు తిరుగుతుంది. అది జారకుండా పుల్లీలను నొక్కి పట్టేది ఆయిల్ ప్రెజరే. ఉక్కుకూ ఉక్కుకూ మధ్య పట్టు సడలనివ్వకూడదు, అరుగుదల ఆపాలి, వేడి లాగేయాలి. ఇంత చాకిరీ చేసే ఆయిల్ ఎప్పటికీ పాడవదంటే నమ్మను. గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పళ్లెం (పాన్) విప్పినప్పుడు దగ్గరుండి లోపలి అయస్కాంతాలు చూడండి. బూడిద రంగు ముద్ద పట్టి ఉంటుంది, వేలితో తీస్తే కాటుకలా అంటుకుంటుంది. అరిగిన లోహపు పొడి అది. మెత్తగా ఉంటే మామూలే. గరుకు ముక్కలు, రేకులు తగిలాయా, ఆయిల్‌తో తీరే జబ్బు కాదు.

వదిలేస్తే ఇప్పటికి డబ్బు మిగులుతుంది, వారంటీలోపు ఏమీ కాకపోవచ్చు కూడా. బండిని పదేళ్లు ఉంచుకునేవాళ్లకు ఆ లెక్క సరిపోదు. అమెరికాలో నిస్సాన్ 2003–2010 మోడళ్ల సీవీటీలకు వారంటీని 60,000 మైళ్ల నుంచి 1,20,000 మైళ్లకు పెంచింది. వాటిలో పోయినవన్నీ ఆయిల్ వల్లే పోయాయనడం లేదు. పోతే మాత్రం బిల్లు తడిసి మోపెడవుతుంది.

ఫ్లష్‌తో దాదాపు ఆయిలంతా మారుతుంది, నిజమే. కానీ ఆ మిషన్‌లో అంతకుముందు ఏ బండి ఆయిల్ తిరిగిందో మనకు తెలియదు.

దించి పోయడంలో లోపం ఒకటే: టార్క్ కన్వర్టర్‌లోది (ఇంజిన్ శక్తిని గేర్‌బాక్స్‌కు ఆయిల్ ద్వారా అందించే భాగంలోది) దిగదు, చాలా బళ్లలో సగానికి అటూఇటూగానే మారుతుంది. కొన్నాళ్లు నడిపి మళ్లీ దించి పోస్తే ముప్పాతిక కొత్తదవుతుంది. అది చాలు.

మాన్యువల్‌లో గడువు రాసి ఉంటే అదే పాటించండి. లేకపోతే 50–60 వేల కిలోమీటర్లకు, రోజూ హైదరాబాద్ ట్రాఫిక్‌లోనో తరచూ తిరుమల ఘాట్‌లోనో తిరిగే బండికి 40 వేలకే మార్పించమంటాను. ఆయిల్ మాత్రం మీ బండికి రాసిందే: హోండాకు హెచ్‌సీఎఫ్-2, ఇప్పటి నిస్సాన్‌లకు ఎన్‌ఎస్-3, హ్యుందాయ్ ఐవీటీకి (అది వాళ్ల సీవీటీ పేరు) ఎస్పీ-సీవీటీ1. మామూలు ఆటోమేటిక్ ఆయిల్ పోస్తే బెల్టు జారి గేర్‌బాక్సే పోతుంది. లెవెల్ కూడా కంపెనీ చెప్పిన వేడి దగ్గరే చూడాలి, చల్లటి బండిలో చూసింది లెక్కకు రాదు. టొయోటా ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్‌లో ఈ బెల్టే లేదు, దాని సంగతి వేరు.

లక్షన్నర తిరిగినా ఒక్కసారీ మార్చని బండైతే, కదిలేటప్పుడు వణుకు గానీ కూత గానీ ఉందేమో ముందు నడిపి చూడండి, స్కానర్ పెట్టించి లోపాల కోడ్‌లేమైనా ఉన్నాయేమో కూడా చూడండి. ఏమీ లేకపోతే నిశ్చింతగా దించి పోయించండి. ఉంటే ఆయిల్ డబ్బు ఖర్చు పెట్టకముందే పాన్ విప్పించండి.