మారిషస్ "నేచర్ స్పెషల్" ప్యాకేజీ కొంటున్నారా? అడ్వాన్స్ కట్టేముందు ఇది చదవండి

మారిషస్ వెళ్ళాలనుకుంటున్నవాళ్ళకి, ముఖ్యంగా బీచ్‌లో కూర్చోవడానికి కాకుండా కొండలూ అడవులూ జలపాతాలూ చూద్దామని వెళ్తున్నవాళ్ళకి ఈ పోస్టు. హైదరాబాద్‌లో ఒక ట్రావెల్ ఏజెన్సీ దగ్గర మేం "నేచర్ స్పెషల్" అని ఒక ప్యాకేజీ కొన్నాం. పేరు రాయను, ఫిర్యాదు నడుస్తోంది. అయినా పేరుతో పెద్ద పనిలేదు, ఇవే ఫొటోలు, ఇవే మాటలు, కాస్త రంగులు మార్చి వేరేవాళ్ళ బ్రోచర్లలో కూడా కనిపిస్తున్నాయి.

బ్రోచర్ మీద మూడు ఫొటోలున్నాయి. ఒకటి లె మోర్న్ కొండ, ఒకటి అడవి మధ్యలో మెట్లు మెట్లుగా దూకే ఏడు జలపాతాలు, ఇంకొకటి సముద్రం లోపలే జలపాతం పడుతున్నట్టుండే ఆ ప్రసిద్ధమైన ఫొటో. ఈ మూడింటిలో ఒక్కటి కూడా ఫొటోలో ఉన్నట్టు మాకు చూపించలేదు.

సముద్రం లోపలి జలపాతం సంగతి ముందు చెప్తాను, ఎక్కువమంది మోసపోయేది అక్కడే. అక్కడ జలపాతం అంటూ ఏమీ లేదు. లె మోర్న్ పక్కన సముద్రపు అడుగు ఒక్కసారిగా లోతుకు దిగిపోతుంది, ఇసుకా ఒండ్రూ ఆ వాలు మీద జారడం వల్ల పైనుంచి చూస్తే నీళ్ళు కిందకి దూకుతున్నట్టు కనిపిస్తుంది. పైనుంచి అంటే హెలికాప్టర్‌లోంచో చిన్న విమానంలోంచో చూడాలి. పడవలో వెళ్తే మీ కింద నీళ్ళే తప్ప ఇంకేం కనబడదు. మా ప్యాకేజీలో ఉన్నది పడవే. అడిగితే ఏజెన్సీ అతను "హెలికాప్టర్ ఆప్షనల్ మేడమ్, ఇటినరరీలో క్లియర్‌గా రాశాం కదా" అన్నాడు. రాశారు నిజమే, చివరి పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో.

ఇక "సౌత్ ఐలాండ్ ఎక్స్‌ప్లోరేషన్". ప్రైవేట్ కారు, గైడు అని ఫోన్లో చెప్పారు, వోచర్ మీద మాత్రం ఎస్‌ఐసీ అని ఉంది. ఆ మూడక్షరాలు గుర్తుపెట్టుకోండి. సీట్ ఇన్ కోచ్, అంటే పదిమందితో కలిపి వ్యాన్‌లో మీకొక సీటు. వాళ్ళు ఆపిన చోట దిగాలి, రమ్మన్నప్పుడు ఎక్కాలి. పొద్దున్నే బయల్దేరితే క్యూర్‌పీప్ అనే ఊళ్ళో మొదటి స్టాప్ ఓడ బొమ్మలు తయారుచేసే షాపు. బొమ్మలు బాగున్నాయి, అబద్ధం ఎందుకు చెప్పాలి, చెక్కతో తెరచాపలు తాళ్ళతో సహా చేతితో చేస్తారు. కానీ వేల మైళ్ళు దాటి వచ్చింది ఓడ బొమ్మలు కొనడానికా? తర్వాత డ్యూటీ ఫ్రీ వజ్రాల షాపు, ఆ తర్వాత స్వెటర్ల షాపు. మా మావగారు వ్యాన్‌లోనే కూర్చుండిపోయారు, "నన్ను దింపకండమ్మా, నాకు స్వెటర్ వద్దు" అంటూ. అదే ఊళ్ళో ట్రూ ఓ సెర్ అని చల్లారిపోయిన అగ్నిపర్వతం నోరు ఉంది, చుట్టూ చెట్లు దిగిన పెద్ద గిన్నెలాంటి లోయ, పైసా ఖర్చు లేదు. అక్కడ ఫొటో దిగేంత టైమే ఇచ్చారు.

బ్లాక్ రివర్ గోర్జెస్ దగ్గర నాకు కడుపు మండిపోయింది. ఇది ఆ దీవిలో మిగిలిన అసలు అడవి, 1994లో నేషనల్ పార్కు చేశారు, దీవిలోకెల్లా ఎత్తైన శిఖరం, 828 మీటర్లది, ఈ పార్కులోనే ఉంది. ప్రపంచంలో ఇంకెక్కడా లేని గులాబీ రంగు పావురం ముఖ్యంగా ఉండేది ఈ అడవుల్లోనే. మేం వెళ్ళేసరికి వ్యూ పాయింట్ నిండా మంచు, రెయిలింగ్ అవతల తెల్లటి గోడ. కింద లోయ ఉందని బోర్డు చదివి నమ్మాలి. పక్కన ఒకాయన చిన్న అనాసపళ్ళు అమ్ముతున్నాడు, తొడిమ పట్టుకుని పండు మీది కళ్ళన్నీ పోయేలా మెలికలుగా చెక్కేసి, ఉప్పూకారం పట్టించి చేతికిచ్చాడు. అది తింటూ నిలబడ్డాం. ఉన్నట్టుండి మబ్బు చిరిగింది. మడతలు మడతలుగా పచ్చటి కొండలు, వాటి చివర సముద్రం, మా కాళ్ళ కిందుగా పొడవాటి తోకున్న తెల్ల పక్షి ఒకటి తేలుతూ పోతోంది. సరిగ్గా అప్పుడే వ్యాన్ హారన్. వజ్రాల షాపులో కూర్చోబెట్టిన టైములో సగం ఇక్కడ ఇచ్చినా చాలు కదా! షాపులకి తీసుకెళ్తే కమిషన్ ఉంటుంది, మబ్బు విడిపోయేదాకా ఆగితే ఏముంటుంది వాళ్ళకి.

ఏడు జలపాతాలు అంటే టామరిండ్ ఫాల్స్. దానికి హెన్రియెట్టా అనే ఊరి వైపు నుంచి నడిచి దిగాలి, అడ్డదిడ్డమైన దారి, తెలిసిన మనిషి తోడు లేకుండా కిందదాకా వెళ్ళకపోవడమే మంచిది. మాకు దాని బదులు అలెగ్జాండ్రా ఫాల్స్‌ని దూరం నుంచి వేలెత్తి చూపించి, "వాటర్‌ఫాల్ కవర్ అయిపోయింది" అన్నారు.

లె మోర్న్ కొండ ఎక్కడం "రెయిన్ కారణంగా క్యాన్సిల్". ఆ రోజు అటువైపు ఎండ కాస్తోంది, మేం ఉన్న బీచ్ నుంచే కొండ కనిపిస్తోంది. 556 మీటర్ల రాతి కొండ అది. బానిసత్వం తప్పించుకుని పారిపోయినవాళ్ళు దాక్కున్న చోటని 2008లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. పై భాగం బాగా నిటారు, చేతులతో రాళ్ళు పట్టుకుని ఎక్కాలి, వాన పడితే నిజంగానే ప్రమాదం, అలాంటప్పుడు ఆపేస్తే తప్పుపట్టను. మరి గైడు పేరున తీసుకున్న డబ్బు వెనక్కివ్వాలిగా? ఇవ్వలేదు. పైగా బిల్లులో "మోర్న్ ఎంట్రీ ఫీ" అని ఒకటి వేశారు, మామూలుగా ఆ గేటు దగ్గర పేరు రాసి వెళ్ళడమే తప్ప టికెట్ లేదు. గంగా తలావ్‌కి కూడా ఎంట్రీ వేశారండీ, గుడికి! పెద్ద శివుడి విగ్రహం ఉన్న ఆ సరస్సు దగ్గర టికెట్టే ఉండదు. షమరెల్ అనే చోట ఉన్న రంగురంగుల మట్టి దిబ్బలకి మాత్రం టికెట్ ఉంది, అక్కడి జలపాతం కూడా ఆ టికెట్‌లోనే వస్తుంది, రెండింటికీ వేర్వేరుగా డబ్బు అడిగితే ఇవ్వకండి.

ఇంకో మెలిక. వాళ్ళది కూడా రూపాయే. మారిషస్ రూపాయి మనదానికి దాదాపు రెట్టింపు విలువ. ఇక్కడ ఫోన్లో "ఎక్స్‌ట్రా ఏదైనా ఉంటే వందల్లోనే ఉంటుంది" అంటారు, అక్కడికెళ్ళాక "మారిషస్ రూపీస్ మేడమ్" అంటారు. ఏ రూపాయో కాగితం మీద రాయించుకోండి.

వ్యాన్ డ్రైవర్ని తిట్టను, పాపం అతనికి పైనుంచి ఎలా చెప్తే అలా. వాళ్ళ ముత్తాతలు మనవైపు నుంచి చెరకు తోటల పనికి వెళ్ళినవాళ్ళేనట, మాట్లాడేది అక్కడి క్రియోల్ భాష అయినా ఇంట్లో సింహాద్రి అప్పన్న పూజ చేస్తారట. ఉగాదికి ఆ దేశంలో సెలవు కూడా ఉంది. చివర్లో అతనే మెల్లగా చెప్పాడు, రోజంతా టాక్సీ మాట్లాడుకుంటే మీరు చెప్పిన చోట ఆపుతారు, షాపులు వద్దని ముందే చెప్పాలి అని. మిగిలిన టైములో అదే చేశాం. డ్రైవింగ్ వచ్చినవాళ్ళు కారు అద్దెకు తీసుకోవచ్చు, అక్కడా మనలాగే ఎడమవైపే నడుపుతారు. తీరంలో ఎండ ఉన్నా పైన కొండల్లో వాన ఉంటుంది, కాబట్టి ఏ రోజు ఎటు వెళ్ళాలో ఆ పొద్దున ఆకాశం చూసి తేల్చుకునే వీలు ఉండాలి. గ్రూప్ ప్యాకేజీలో ఆ వీలే ఉండదు. జనవరి నుంచి మార్చి దాకా తుఫాన్లు ఎక్కువగా వచ్చే కాలం, "భారీ డిస్కౌంట్" అని వచ్చే తేదీలు ఎప్పటివో చూసుకోండి.

ఇప్పటికే డబ్బు కట్టేసినవాళ్ళు ఒక పని చెయ్యండి. విదేశీ టూర్ ప్యాకేజీ మీద టీసీఎస్, అంటే అమ్మేవాళ్ళే మన దగ్గర ముందుగా పట్టుకునే ఆదాయపు పన్ను, వసూలు చేస్తారు, అది మీ పాన్ మీద జమ కట్టాలి, రిటర్న్ వేసేటప్పుడు మనం సర్దుబాటు చేసుకోవచ్చు. మా బిల్లులో టీసీఎస్ ఉంది, మన పాన్ మీద జమైన పన్ను చూపించే 26ఏఎస్‌ పత్రంలో ఈ రోజుకీ లేదు. అడిగితే "అకౌంట్స్ వాళ్ళు చూస్తున్నారు". మీదీ చూసుకోండి, ఏజెన్సీవాళ్ళు మూడు నెలల టీసీఎస్ లెక్క దాఖలు చేశాక కనిపించాలి.

నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాక ఏజెన్సీ నుంచి కదలిక వచ్చింది, కానీ ఇస్తామన్నది డబ్బు కాదు, "నెక్స్ట్ ట్రిప్‌కి వోచర్". వద్దన్నాం. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తున్నాం. మనం ఉండే జిల్లాలోనే వెయ్యొచ్చు, కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. బ్రోచర్, వోచర్, వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ దాచాం. మీరు కూడా ఇలాంటి ప్యాకేజీ కొని ఉంటే ఆ బ్రోచర్ స్క్రీన్‌షాట్ ఇప్పుడే తీసి పెట్టుకోండి, మేం తిరిగొచ్చేలోపు మాది వెబ్‌సైట్‌లో మార్చేశారు.